పసుపు కింది నాలుగంకెలు

వానలు మొదలయ్యేముందు టైర్లు మార్చుకునేవాళ్ళకి నేను సలహా చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. కదిర్కామంలో మా వీధివాళ్ళు నన్ను చూసి పక్క సందులోకి తప్పుకుంటున్నారని తెలుసు, అయినా వదలను. బండి రిపేరుకిచ్చే ముందు ఖర్చెంతో కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చూడండి: మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇదంతా నేను పరోపకారం కోసం నేర్చుకోలేదు. చెల్లప్పన్ కొంప ముంచడానికి నేర్చుకున్నాను.

చెల్లప్పన్ మా వీధి చివర వర్క్‌షాపు నడుపుతాడు. ఈ తమిళ ఊళ్ళో మావాడే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. నా భర్త గణేశన్ ఇరవై ఏళ్ళు బాడుగ కారు తోలాడు. దాని మీద చెల్లప్పన్ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. పోయినేడు ఆయుధపూజకి కొత్తవని నాలుగు టైర్లు అక్కడే వేయించాడు. నవంబరు వానలో, ఊరి బయట కాలాపట్టు దగ్గర, బ్రేకు తొక్కితే కారు ఆగకుండా జారి చెట్టుకి కొట్టుకుంది. ఆయన కుడి మోకాలు ఇక వంగదు. అది చాలదన్నట్టు చెల్లప్పన్ ఊరంతా ఒక మాట తిప్పాడు: "గణేశన్‌కి కన్ను మసకేసింది, నిద్రమత్తులో తోలినాడు." విని విని మా ఆయన కూడా తప్పు తనదేనని నమ్మేశాడు.

బీమా తరఫున కారు చూడ్డానికి వచ్చినాయన టైరు మీది పసుపుముద్ద గోకి నాకు చూపించాడు. 2317. "ఇది ఏడేళ్ళ నాటి సరుకమ్మా. వాడకపోయినా రబ్బరు బిగుసుకుపోతుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు" అన్నాడు. పూజకి ప్రతి టైరుకీ పసుపు పూసి కుంకుమ పెట్టేది చెల్లప్పనే. వానకీ కరగలేదంటే అందులో ఏ జిగురు కలిపాడో. దేవుడి బొట్టని మనవాళ్ళెవరూ తుడవరు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

వెంటనే వెళ్ళి అడగలేదు. ఒంటరిగా అడిగితే ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాడు. నాకు జనం కావాలి. ఏడాది ఆగాను.

ఈ ఏడు ఆయుధపూజనాడు తడిగుడ్డ పట్టుకుని వర్క్‌షాపుకి వెళ్ళాను. గుమ్మడికాయ కొట్టడం అయిపోయింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పాతికమంది నిలబడి ఉన్నారు. మా పక్కింటి అమృతవల్లి కారుకి చెల్లప్పన్ ఆ వారమే టైర్లు మార్చాడు. వంగి ఒకదాని బొట్టు తుడిచేశాను.

"ఏంది లోగనాయకీ, దేవుని బొట్టు తుడస్తా ఉండావు?" అంది ఆమె.

"ఆ నెంబరు చదువు పిన్నమ్మా."

3118. రెండువేల పద్దెనిమిదిలో తయారైన టైరు. నేను వివరించేసరికి ఒక్కొక్కరూ తమ టైర్లు తామే తుడుచుకోవడం మొదలుపెట్టారు. చెల్లప్పన్ చేతులు జోడించాడు.

"నాకేం తెలుసమ్మా. డీలరు పంపింది వేసినా. నేనూ మోసపోయినోణ్ణే."

గొంతు వణికించడం అతనికి బాగా వచ్చు. ఇద్దరు ముగ్గురు పాపం అన్నారు కూడా. అప్పుడు నేను గేటు దగ్గరున్న అతని కూతురు కీర్తిక కారు చూపించాను. దానికీ ఆ వారమే, అదే కంపెనీ టైర్లు వేశాడు. దాని మీద కూడా బొట్టుంది, కాని నెంబరుకి జానెడు దూరంలో. కీర్తికే వంగి చదివింది.

"2925. ఈ ఏడాదిదే." లేచి తండ్రి వైపు తిరిగింది. "ఏమీ తెలీనోడివి నాకు మాత్రం కొత్తవి ఎట్ల ఏరినావు నాయినా?"

కూతురు అడిగింది కాబట్టి చాలనుకునే మనిషిని కాను నేను.

"గణేశన్ సంగతి చెప్పన్నా" అన్నాను.

"వాడు బాగనే తోలినాడు" అని గొణిగాడు.

వినపడలేదన్నాను. మళ్ళీ చెప్పించాను, అందరికీ వినపడేట్టు. నా చేతిలో ఫోను అప్పటికే ఆన్‌లో ఉంది, ఇంటి దగ్గర మా ఆయన వింటున్నాడు. చెవికి ఆనించుకుంటే అటునుంచి ఆయన ఏడుపు వినిపించింది. అది చెల్లప్పన్ కూడా వినాలని స్పీకరు పెట్టాను.