కిల్టు మీదికి కోటు

“వేసుకోడానికి కోటు లేదు” అన్నది హెక్టర్ చెప్పిన సాకు. అందుకే కూతురు మోర్వెన్ అతని రెక్క పట్టుకుని, ఇష్బెల్ నడిపే దర్జీ కొట్టుకి లాక్కొచ్చింది. మోర్వెన్ పెళ్లి ఎల్లుండి. కోటు దొరికితే అతను కూతురి చెయ్యి పట్టుకుని చర్చిలో నడుస్తాడు. దొరక్కపోతే నడవడు. అదీ ఒప్పందం.

సాకు పూర్తిగా అబద్ధం కాదు. హెక్టర్ మకాస్కిల్ గ్లెన్ ఆర్వీ ఎస్టేటులో కొండ కాపలాదారుగా బతికాడు. దొర అతిథుల్ని జింకల వేటకి కొండెక్కించి, క్షేమంగా దింపడం అతని పని. అక్కడి కాపలాదార్లకి దొర తన ఎస్టేటు ట్వీడ్, అంటే గళ్ల ఉన్ని బట్ట, ఇస్తాడు. ఆ కొండ మీది నాచు, ఎండుగడ్డి, తడిసిన రాయి, అవే రంగులు ఆ గళ్లలో ఉంటాయి. బయట ఎవరికీ అమ్మరు. కొలువు పోతే బట్ట వెనక్కివ్వాలి.

రెండేళ్ల క్రితం, తాగి రైఫిల్ ఊపుతున్న ఒక అతిథి చేతిలోంచి హెక్టర్ దాన్ని లాగేసుకున్నాడు. సాయంత్రానికి కొలువు పోయింది. మర్నాడు ఆ కొలువులోకి, కొలువుతోపాటు వచ్చే ఇంట్లోకి చేరినవాడు రానల్డ్. హెక్టర్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు పెళ్లికొడుకు తండ్రి కూడా అతనే.

ఇద్దరికీ మాటల్లేవు.

“కిల్టు కట్టుకునే వచ్చావా? బతికించావు,” అంది ఇష్బెల్ పెదాల మధ్య గుండుసూదులతో, అతని నడుం నుంచి మోకాళ్ల దాకా ఉన్న గళ్ల కుచ్చిళ్ల గుడ్డని చూస్తూ. “ప్యాంటు మీద కోటు చూసుకుని పోయి, పెళ్లిరోజు కిల్టు మీద తొడుక్కుని నన్ను తిట్టే మగాళ్లే అందరూ.”

“నా తెలివి కాదు. అమ్మాయి కట్టించింది.”

“అనుకున్నాలే.”

మొదటిది గోధుమరంగు, పెద్ద గళ్లు. హెక్టర్ అద్దంలో చూసుకున్నాడు. పైన గళ్లు, కింద కిల్టు గళ్లు, రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

“ఎవరింట్లోనో సోఫాలా ఉన్నాను,” అన్నాడు.

“కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదులే నాన్నా.”

రెండోది ఆకుపచ్చ. రంగు బాగుంది కానీ పొడుగు. కిల్టు ముందు వేలాడే తోలుసంచి దాని కింద దాక్కుంది. ఇష్బెల్ తల అడ్డంగా ఊపింది.

“విప్పెయ్. ఇది వేసుకుంటే కిల్టు కట్టినట్టుండదు. ప్యాంటు మర్చిపోయి బయటికొచ్చినట్టుంటుంది.”

మూడోది బూడిదరంగు, చేపముల్లు నేత. నడుము కిందికి రెండు వేళ్లు దిగి ఆగింది. తోలుసంచికి చోటు విడిచింది. కుడి భుజం దగ్గర మాత్రం కాస్త జారింది. అన్ని కోట్లూ అతనికి అక్కడ జారతాయి. ఏళ్ల తరబడి రైఫిల్ మోసిన భుజం అది.

“పర్లేదు,” అన్నాడు హెక్టర్.

మోర్వెన్ ఊపిరి వదిలింది. తండ్రి నోట ఆ మాటంటే మెచ్చుకున్నట్టే.

అప్పుడే అద్దంలో అతనికి తన వెనక తెర కనిపించింది. తెర పక్కనుంచి ఒక కోటు చెయ్యి బయటికొచ్చి ఉంది.

హెక్టర్ వెనక్కి తిరిగాడు. నాలుగంగల్లో అక్కడికి వెళ్లి తెర లాగాడు.

గ్లెన్ ఆర్వీ ట్వీడ్. కొత్తది. ముందువైపు గుండ్రంగా, పొట్టిగా కత్తిరించి కుట్టిన కోటు. కిల్టుతో ఎవడూ కాపలాకి కొండెక్కడు. ఈ బట్టని పొట్టిగా కత్తిరించారంటే అది పెళ్లికోసమే.

“రానల్డ్‌ది,” అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. “నా కొలువు తీసుకున్నాడు, నా ఇల్లు తీసుకున్నాడు. ఎల్లుండి దీన్ని తొడుక్కుని నా ఎదురుగా కూర్చుంటాడన్నమాట.”

బూడిదరంగు కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

“నాకు తెలీదు నాన్నా. ఒట్టు,” అంది మోర్వెన్.

“తిట్టేముందు వేసుకు చూడు,” అంది ఇష్బెల్.

“ఎస్టేటు గుడ్డ నేను వేసుకోకూడదు. ఆ సంగతి నీకూ తెలుసు.”

“చూడమన్నాను. ఊరేగమన్లేదు.”

హెక్టర్ వేసుకున్నాడు. కోటు ఎక్కడా జారలేదు. కుడి భుజం లోపల, పల్లం ఎంతుందో అంతే మెత్త కుట్టి ఉంది. అతని చెయ్యి ఆ భుజం మీద ఆగింది.

“ఎవరి కొలతలివి?”

“నీవే. నీ భుజం నాకు కొత్తా? ఈ ఏడాది దొర ఇచ్చిన బట్ట రానల్డ్ తెచ్చిచ్చాడు. వాడు పాతదానికే మోచేతులకి అతుకులేయించుకున్నాడు. ఎవరిచ్చారో నీకు చెప్పొద్దన్నాడు.”

“చెప్పకపోతే? కొండంతా బట్ట మీద కనిపిస్తుంటే తెలీదా నాకు?”

“నేనూ అదే అన్నాను. బుర్ర తక్కువ వెధవా అని కూడా అన్నాను.”

హెక్టర్ కోటు విప్పి, మడత పడకుండా కొక్కేనికి తగిలించాడు.

“నేనిప్పుడు దొర మనిషిని కాను. ఇది వేసుకుంటే అవునని చెప్పుకున్నట్టు. అబద్ధం తొడుక్కుని చర్చిలో నడవను.”

మోర్వెన్ సంచీ భుజానికేసుకుంది. “సరే నాన్నా. నేనొక్కదాన్నే నడుస్తాలే.”

“తొందరెక్కువ నీకు. ఆ బూడిదరంగుది ఇలా ఇవ్వు.” మళ్లీ తొడుక్కుని ఇష్బెల్ వైపు తిరిగాడు. “ఈ నేతలోనే ఇంకోటి ఉందా? దీనికంటే వెడల్పుగా, చేతులు కాస్త పొట్టిగా?”

“ఎవరికి?”

“తన బట్ట నాకిచ్చేసి వాడేం వేసుకొస్తాడు? మా అమ్మాయి పెళ్లికి మోచేతి అతుకులతోనా? వాడి మొదటి సూటుకి ఇక్కడే కొలతలిప్పించాను. గుర్తులేదూ?”

“గుర్తే. అప్పటికిప్పటికి పొట్ట పెరిగింది.”

“నా ఇంట్లో కూర్చుని తింటుంటే పెరగదూ?”

ఇష్బెల్ నవ్వకుండా బల్ల ఎక్కి, పై అరలోంచి ఇంకో బూడిదరంగు కోటు దించింది. మోర్వెన్ అప్పటికే ఫోను తీసింది.

“ఏం చెప్పను నాన్నా?”

“దీంట్లో వస్తే నా పక్కన నిలబడమను. దొర గుడ్డతో వస్తే గుమ్మంలోనే ఆపుతానని చెప్పు.”

“మరి ఇది?” ఇష్బెల్ తెర వైపు చూపించింది. “కత్తిరించేశాను. ఇక పొడుగవదు.”

“వాడి పొట్టకి సరిచేసి ఇచ్చెయ్. కొండమీద వాడే తొడుక్కుంటాడు.”

“ఆ పొట్టి కోటుతోనా? చలికాలం గాలంతా నడుములోకి దూరుతుంది.”

హెక్టర్ అద్దంలో చూసుకుంటూ గుండీలు పెట్టుకున్నాడు.

“దూరనీ,” అన్నాడు. “ఆ మాత్రం ఉండాలి.”