వెనక వరసను కట్టిన తాడు

నేను ఒక తాడును. అదీ దొంగసొత్తును. లష్కర్ బజారులో ఒక టెంట్‌హౌస్ వాళ్లు షామియానా గుంజలకు కట్టుకోవడానికి నన్ను పేనించుకున్నారు. బొటనవేలంత లావు, అరవై అడుగుల పొడవు, మంచి నూలు. ఒక డిగ్రీ కాలేజీ స్పోర్ట్స్ డేకి వెళ్లి నేను తిరిగి రాలేదు. నన్ను చుట్టగా చుట్టి సంచిలో వేసుకుపోయిన పెద్దమనిషి ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు డిఫెన్స్ కోచ్. పేరు జ్ఞానప్రకాశం. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చునేవాడు. దొంగతనం పాపమని అక్కడ ఎన్నిసార్లు విన్నాడో గాని, నా సంగతి మాత్రం ఆయనకెప్పుడూ గుర్తు రాలేదు.

గోలు ముందు కాపు కాసే నలుగురినీ వరసగా నడుములకు నాతో కట్టేసి పరిగెత్తించడం ఆయన పద్ధతి. ఒకడు కదిలితే నలుగురూ కదలాలి, ఒకడు ఆగితే నలుగురూ ఆగాలి. ఎవడైనా సొంత తెలివి చూపించాడా, నేను బిగుసుకుని పక్కవాణ్ణి కూడా బోర్లా పడేసేదాన్ని. "లైన్! లైన్!" అని ఆయన గొంతు చించుకునేవాడు. ముప్పై నాలుగేళ్లు ఆ ఒక్క మాట మీదే బతికాడు. ఈలోగా పెద్ద కోచ్‌లు ఆరుగురు మారారు. గెలిస్తే దండలు వాళ్లకూ, గోలు కొట్టినవాడికీ పడేవి. ఓడితే మాత్రం ప్రిన్సిపాల్ మొదలు ప్యూన్ దాకా అందరికీ డిఫెన్స్ గుర్తొచ్చేది.

మొదటి తొమ్మిదేళ్లు ఆయన నాతో వేసింది పీటముడి. ప్రాక్టీసు అయ్యేదాకా ఎవడూ విప్పుకోకూడదని.

ఆ తొమ్మిదో ఏడు ఎడమ చివర ఐలేశ్ ఆడేవాడు. బోయిన్‌పల్లి నుంచి సైకిల్ తొక్కుకుంటూ అందరికంటే ముందు వచ్చేవాడు. వాడంటే నాకు ఇష్టం. చెమట నాకు అంటుతుందేమోనని బనీను మీద టవల్ చుట్టుకుని మరీ కట్టించుకునేవాడు. వారంలో రైల్వే జట్టు ఎంపిక ఉందనగా, ఒక ముసురు రోజు పొద్దున మోకాలు వాచిపోయి వచ్చాడు.

"సార్, మోకాలు బాగ గుంజుతున్నది. ఇయ్యాల తాడు వద్దు సార్."

"నీ ఒక్కని మోకాలు జూస్కుంట కూసుంటే లైన్ ఏం గావాలె? దా, ఇటు నిలవడు."

ఆ మాట అంటూనే పీటముడి వేశాడు, రోజూ కంటే గట్టిగా. మూడో మలుపులో ఐలేశ్ కాలు బురదలో దిగబడింది. మిగతా ముగ్గురూ అప్పటికే మలుపు తిరిగేశారు. వాళ్లు ఆగేలోపు నాలుగడుగులు వాణ్ణి ఈడ్చుకుపోయాను. వాడు నన్ను విప్పుకోవాలని పది గోళ్లతోనూ పీకాడు. తడిసిన నూలు ఇంకా బిగుస్తుందే గాని వదలదు. వాడి మోకాల్లో ఏదో పుటుక్కున తెగింది. ఆ చప్పుడు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"తడి నేల సార్, జారి పడ్డడు," అని ప్రిన్సిపాల్ గదిలో చెప్పాడు జ్ఞానప్రకాశం. అప్పుడు నేను ఆయన భుజాన సంచిలోనే ఉన్నాను. ఆస్పత్రి మంచం మీద ఐలేశ్ కూడా అదే చెప్పాడట, సార్ పరువు పోకూడదని. ఆ రైల్వే జట్టుతో వచ్చే ఉద్యోగం ఇంకొకడికి పోయింది. ఐలేశ్ చదువు మానేశాడు, ఆ కాలు జీవితాంతం కుంటిదైపోయింది.

వాణ్ణి చూసి రావాలని జ్ఞానప్రకాశం రెండుసార్లు బోయిన్‌పల్లి బస్సెక్కాడు. రెండుసార్లూ మధ్యలోనే దిగి వెనక్కి వచ్చాడు. అంత పిరికివాడి చేతిలో ఉన్నందుకు నాకు సిగ్గేసింది. కానీ ఆ వారమే ఇంటి మెట్ల మీద కూర్చుని, నన్ను తన నడుముకే కట్టుకుంటూ విప్పుకుంటూ ఒక కొత్త ముడి పట్టాడు. లాగు బొందు ముడిలాంటిది. పడినవాడు కొస పట్టి గుంజితే చాలు, ఊడి వస్తుంది. తర్వాత పాతికేళ్లు ఆయన వేసింది ఆ ముడే. ఎందుకు మార్చాడో ఎవరికీ చెప్పలేదు.

రిటైరయ్యాక నన్ను ఇంటికి తెచ్చి దండెం కట్టాడు. కొన్నాళ్లకు ఆయనకు మతి తప్పింది. భార్య పేరు, ఇంటి పేరు మరిచిపోయాడు గాని గ్రౌండ్‌కు వెళ్లాలని మాత్రం మరవలేదు. తలుపు తెరిచి ఉంటే చాలు, బయలుదేరేవాడు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి ఆయన భార్య ఎస్తేరమ్మ నన్ను దండెం మీంచి దించి, ఒక కొస తన చేతికీ ఇంకో కొస ఆయన నడుముకూ కట్టుకునేది. ఆమె పీటముడి వేస్తే చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. ఏడుపు చూడలేక విప్పితే, తనే తన ముడి వేసుకుని ఊరుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీసింది. ఆయన కొస పట్టి గుంజాడు. నేను ఊడిపోయాను. కాలేజీ గేటు ముందు రోడ్డు దాటుతూ నీళ్ల ట్యాంకర్ కింద పడ్డాడు.

శవపేటిక దించడానికి సమాధుల తోటకు నన్నూ తెచ్చారు. ముగ్గురు పాత ఆటగాళ్లు వచ్చారు. వాళ్ల వెనకాలే కాలీడ్చుకుంటూ ఐలేశ్ వచ్చాడు, తల నెరిసిపోయి. ఎస్తేరమ్మ నన్ను చూపించి గుండెలు బాదుకుంది.

"గుంజితే ఊడే ముడి నాయనా. నువ్వు జారిపడ్డ వారం నుంచి ఇదే ముడి. ఎందుకంటే చెప్పకపాయె. ఆఖరికి అదే ఆయన్ని మింగె."

ఐలేశ్ నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"జారలే అమ్మా. కట్టేసి ఉంటి. అప్పుడిది పీటముడి." వాడు పెట్టె వైపు తిరిగాడు. "ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పినా అయిపోతుండె గద, సారూ!"

నన్ను రెండుగా కోసి పెట్టె కింద వేశారు. నాలుగు కొసలు, నలుగురు మనుషులు. "నీ కాలు బాగలేదు, నువ్వు ఉండురా," అన్నారు మిగతావాళ్లు. ఐలేశ్ వినలేదు. ఎడమ చివర కొస అరచేతికి చుట్టుకుని, కుంటికాలు మట్టిలో తన్నిపెట్టి నిలబడ్డాడు.

"లైన్," అన్నాడు మెల్లగా.

నలుగురూ కలిసి దించారు. పెట్టె ఏ పక్కకూ ఒరగలేదు.