బంద్ చేయని ఇంజన్లు

"కూసోని చేసే కొలువుకు అలుపేంది?" అన్నాడు నా భర్త రవీందర్, నేను పొద్దున పొయ్యి మీది పప్పు దించుతుంటే.

నిజామాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన సహాయకురాలిని నేను. బోధన్ వైపు పొలాల నుంచి ఫ్యాక్టరీకి చెరకు మోసే ట్రాక్టర్లు ఎంత పొగ వదులుతాయో కంప్యూటర్‌లో సిమ్యులేషన్ కట్టి చూస్తాం. తెర మీద రోడ్డు వేసి, బండ్లు నడిపి, బరువూ వేగమూ మారుస్తూ లెక్క తీస్తాం. "మా కోడలు దినమంత గేమ్ ఆడుతది" అని అత్తమ్మ భీమవ్వ బీడీలు చుడుతూ వాడకట్టంతా చెప్పింది.

మొదటిసారి లెక్క తప్పింది. ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో నిలిచిన బండికి పొగే లేదని రాశారు మా ప్రాజెక్టు నడిపే రాజేశ్వర్ సార్. ఆగినవాళ్ళు ఇంజన్ ఆపుతారని ఆయన నమ్మకం. చిన్నప్పుడు ఆ లైన్లోకే, ట్రాక్టర్ తోలే మా బాపుకు సద్ది మోసినదాన్ని నేను.

"పాత ట్రాక్టర్లకు సెల్ఫ్ పనిచెయ్యది సార్. బంద్ చేస్తే, లోడు బండిని మళ్ళ ఎవలు తోస్తరు?"

సార్ నవ్వారు. ఆదివారం వంట ముగించి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి బస్సెక్కాను.

"ఏందక్కా, చలాన్లు రాస్తవా?" అన్నాడొక డ్రైవర్.

"లేదన్నా, పొగ లెక్కపెడుతున్న."

"అయితే నా బీడీ పొగ గూడ రాస్కో!"

నలభై బండ్లలో ముప్పై ఒకటి ఇంజన్ ఆపలేదు. ఆ లెక్క సిమ్యులేషన్‌లో వేసి మళ్ళీ నడిపితే, దారి పొడుగునా వచ్చిన పొగ కన్నా గేటు ముందే ఎక్కువ తేలింది. సార్ ఈసారి నవ్వలేదు. "హైదరాబాద్ సదస్సులో నువ్వే చెప్పాలి ఉమారాణీ" అన్నారు. పుస్తకాల్లో లేనిది, నాకు తెలిసినది, నా నోటితో.

వారం తిరిగేసరికి సదస్సు జాబితాలో నా పేరు స్థానంలో దశరథం పేరుంది. మా కాలేజీవాడే, ఆ లైన్ ముఖమైనా చూడలేదు. ఇంటికొచ్చి చెప్తే రవీందర్ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"నేనే ఫోన్ చేసిన మీ సార్‌కు. రెండు దినాలు ఇల్లు ఎవలు సూస్తరు? అవ్వకు నడుము నొస్తుందాయె."

నన్నొక్క మాట అడగలేదు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అతని ముందే ఫోన్ కలిపాను.

"సార్, నేనే వస్తున్న. నా పేరే ఉంచండి."

"మీ ఆయన వద్దన్నాడు కదమ్మా?"

"ఆయన మీ దగ్గర పని చేస్తలేడు సార్. నేను చేస్తున్న."