ఇరవై మూడో చీటీ

ఆసుపత్రి నుంచి వచ్చే కాగితాలు నింపడం మా ఇంట్లో నా పని. పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బే జబ్బు మీద ముందుగా ఏమేమి పరిశోధించాలో రోగులూ, వాళ్లను చూసుకునేవాళ్లూ ప్రశ్నలు రాసి పంపమన్నారు. జబ్బు మా ఆయనది. ఆయన చెబుతుంటే నాలుగు రాశాను. ఐదోది ఆయనకు చూపకుండా నేనే రాశాను: ఇంట్లో ఎదురు మాట్లాడితే ఆ నాళం పగులుతుందా?

ఈ ప్రశ్నకు ఏడేళ్లు. మొదటి స్కానుకు ఆయన ఒక్కరే వెళ్లి వచ్చారు. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదట, ఏటా కొలుస్తారట, తనకు మాత్రం కోపం తెప్పించకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడట. ఆ నెలలోనే, నేను రిటైరైన కాలేజీవాళ్లు వారానికి రెండు రోజులు వచ్చి గణాంకశాస్త్రం చెప్పమన్నారు. ఆ సంగతి ఎత్తగానే ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. నేను ఆగిపోయాను. కాలేజీవాళ్లు ఏటా అడుగుతూనే ఉన్నారు. ఆ చెయ్యి కూరలో ఉప్పుకూ, మా చెల్లెలి ఫోనుకూ కూడా లేవసాగింది. వాడికేమన్నా అయితే అంతా నీ పుణ్యమేనమ్మా అని ఆడపడుచు గుర్తుచేసేది. నేను మొదట గొంతు తగ్గించాను, తరువాత మాటలు తగ్గించాను, చివరికి చప్పుడు కాకుండా ఆలోచించడం నేర్చుకున్నాను.

వచ్చిన ప్రశ్నలను ఇరవై మూడు చీటీలు చేసి, వరుస పెట్టడానికి మమ్మల్ని పిలిచారు. నా చీటీ చదివి సర్జన్ కళ్లజోడు తీశాడు.

"కోపం తెప్పించొద్దని ఎవరు చెప్పారమ్మా? మేం బీపీ మాత్రలు వేసుకోమంటాం, సిగరెట్లు మానమంటాం."

నా పక్కన మా ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని కిటికీలోంచి కార్ల వరుసను శ్రద్ధగా చూస్తున్నారు.

"అయితే పగలదా?"

"పగలదని రాసివ్వలేను. ఎవరూ లెక్కతీసి చూళ్లేదు."

"మా ఆయన గుండె మీద వేస్తారండీ చెయ్యి," అంది ఎదుటి కుర్చీలోని మరో రోగి భార్య. మేమిద్దరం తప్ప ఎవరూ నవ్వలేదు.

అందరం ఓట్లు వేశాక లెక్కపెట్టారు. పై పదింటినే పరిశోధిస్తారట. నా చీటీ ఇరవై మూడోది.

తిరిగి వస్తూ కారు నేను నడుపుతున్నాను. నలుగురిలో పరువు తీశావంటూ ఆయన మళ్లీ పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. నాకు భయం వేసింది. ఎవరూ చూడలేదన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. అది నేను ముప్పై ఏళ్లు పాఠంగా చెప్పిన సంగతే. అయితే ఆ జవాబు నేను బతికుండగా రాదని కూడా ఆ మధ్యాహ్నమే తేలిపోయింది. రాని జవాబు కోసం ఇంకా ఎన్నాళ్లు ఆగను?

"సోమవారం నుంచి కాలేజీకి వెళ్తున్నానండీ," అన్నాను.

ఆయన చెయ్యి తీయలేదు. నేను గేరు మార్చాను.