పాడుపెట్టిన ఇంట్లో షూటింగ్

మొగిలయ్య వంటింటి గచ్చు రెండోసారి తుడుస్తున్నాడు. మూలల్లో బూజు దులపడం అప్పటికే అయిపోయింది. పొయ్యి కింద చేయి పెట్టి తడిమి, వేళ్ళకు తగిలిన జిడ్డును కొబ్బరిపీచుతో గీకాడు. గట్టు మీద పొయ్యి పెట్టుకుని నిలబడి వండడం అతని భార్య లక్ష్మీనర్సమ్మకు నచ్చేది కాదు. గ్యాసుపొయ్యిని కూడా కిందికే దించుకుని, కూర్చుని వండేది. అందుకే ఈ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరైనా వంగాల్సిందే.

గుమ్మానికి అడ్డం ఉన్న ముళ్ళకంపను పొద్దున్నే తీసి గోడవారన పెట్టాడు. ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని పంచాంగం చూసి అయ్యగారు చెప్పారు. ఎవరూ ఉండకూడదు, రాత్రి దీపం పెట్టకూడదు. దవాఖానలో పోయిన మనిషిని ఇంట్లోకి తేలేదు. వాకిట్లోనే స్నానం పోసి, అటునుంచి అటే తీసుకుపోయారు. దవాఖానకు పోవడానికి ఆటో ఎక్కే ముందు ఆమె పొయ్యి ఆర్పి, "అచ్చినంక వండుత" అంది. ఆ రోజు ఈ గుమ్మం దాటి పోయిన మనిషి మళ్ళీ లోపలికి రాలేదు. మొగిలయ్యకు గొంతులో పడ్డ ముల్లు అదొక్కటే.

అప్పటినుంచి హనుమకొండ సుబేదారిలో కూతురు సుభాషిణి ఇంట్లో ఉంటున్నాడు. ఈ ఇల్లున్న ఖిలా వరంగల్ వైపు రావద్దని ఆమె మాట తీసుకుంది. కానీ తెలిసిన కుర్రాడు సాయితేజ దయ్యం సినిమాకి మనుషులు లేని ఇల్లు వెతుకుతున్నానని చెప్పగానే మొగిలయ్య నోటినుంచి "మా ఇల్లున్నది" అని వచ్చేసింది. పగటి పూట షూటింగే కదా అని సుభాషిణి చివరికి ఒప్పుకుంది. అందరూ వెళ్ళిపోయాక తాను ఇక్కడే పడుకోవాలని మొగిలయ్య అనుకున్నట్టు ఆమెకు తెలియదు. షూటింగ్ కోసం తెచ్చిన లైటు సంచిలో అడుగున ఒక దుప్పటి మడిచి పెట్టుకున్నాడు.

ఫోను మోగింది.

"నాయినా, పొద్దుగూకక ముందే బయటవడు. రాత్రి అండ్ల ఉంటే పిల్లలకు మంచిగ గాదన్నడు అయ్యగారు. నాకు జర ఫికరైతాంది."

"అట్లనే బిడ్డా" అన్నాడు. గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

సాయితేజ, అక్షర స్కూటీ మీద వచ్చారు. ఇద్దరూ కాలేజీలో కలిసి చదివారు, ఇప్పుడు పది నిమిషాల దయ్యం సినిమాలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. అతను తీస్తాడు, ఆమె నటిస్తుంది. సాయితేజ లోపలికి అడుగుపెట్టి నెత్తి పట్టుకున్నాడు.

"ఏంది కాకా గిది! ఇల్లంత కడిగి పెట్టినవ్?"

"మరి ఇంటికి మనుషులు అస్తాండ్రంటే కడగనా?"

"బూజు గావాలె మనకు! గా బూజు కోసమే అచ్చిన నేను."

"నర్సమ్మ ఇంట్ల బూజెక్కడిది తమ్మీ" అన్నాడు మొగిలయ్య, కాస్త నొచ్చుకుని.

సాయితేజ సంచిలోంచి దూది తీసి, మూలల్లో అంటించడానికి స్టూలు కోసం వెతుకుతున్నాడు. అక్షర గచ్చు మీద తన నీడ చూసుకుంటూ నిలబడింది.

"ఉండనియ్‌రా. నాకు గిట్లనే భయమైతాంది."

"కడిగిన ఇల్లుకు భయమేంది?"

"ఎవలు లేని ఇల్లు కదా. మరి ఎవలు ఉడ్సిన్రు?"

సాయితేజ ఆమె వైపు చూశాడు. దూదిని మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

కిటికీలకు జంపఖానాలు కట్టారు. పట్టపగలు గదిలో చీకటి పడింది. లైటు మొగిలయ్యది. హనుమకొండలో ఫోటో స్టూడియో వాళ్ళ దగ్గర పెళ్ళిళ్ళలో పట్టుకు తిరిగిన పాత హాలోజన్. వయసులో ఉన్నప్పటినుంచి అతను చేసిన పని ఒకటే, పెళ్ళికూతురి ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ ఆమె ముఖం మీద వెలుగు పడేలా చూడడం. ఎన్ని పెళ్ళిళ్ళ వీడియోలు ఉన్నా ఒక్కదాంట్లోనూ అతను లేడు. లక్ష్మీనర్సమ్మ మాత్రం టీవీ ముందు కూర్చుని, పెళ్ళికూతురి ముఖం చూపించి, "గిదిగో, మా ఆయన" అని పక్కింటివాళ్ళకు చెప్పేది.

"కొత్త లైట్లు లెవ్వా మీకు?" అని అడిగాడు మొగిలయ్య.

"ఎల్‌ఈడీ అయితే గదంత ఒక్క తీరుగుంటది కాకా. నీది అట్ల కాదు, జర జర తగ్గుకుంట పోతది. చీకటి యాడ మొదలైందో తెలవది. తెలవకపోతెనే చూసేటోళ్ళు కండ్లు పెద్దగ జేసుకుంటరు."

అక్షరను ముందుగదిలో మంచం మీద, కెమెరా చట్రంలో ఎడమ అంచుకు కూర్చోబెట్టాడు. ఆమె వెనక కుడివైపంతా ఖాళీ. ఆ ఖాళీలో వంటింటి గుమ్మం, గుమ్మంలోంచి పొయ్యి.

"పిల్లను గంత మూలకు నూకినవేంది? నడిమిట్ల కూసుంటె మంచిగ కనవడుతది కదా."

"గిది పెండ్లి కాదు కాకా" అని నవ్వాడు సాయితేజ. "పిల్లను ఎవలు చూస్తలేరు గిప్పుడు. ఖాళీనే చూస్తరు. ఎవలో అస్తరని."

"ఎవలస్తరు?"

"ఎవలు రారు. నేను కట్ అనను, కెమెరా కదపను. ముందుగాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తం, మెల్లగ తీసేస్తం. చెవులు నిక్కవొడుసుకుంటయ్. అస్తరు, అస్తరు అనుకుంట పానం బిగవట్టుకుంటరు. గదే భయం."

"అస్తరేమోనని చూసుడు భయమా తమ్మీ?"

"మరి కాదా?"

మొగిలయ్య లైటును భుజం ఎత్తుకు తెచ్చి, అక్షర చెంప మీద వెలుగు నిలిపాడు.

సాయితేజ చేయి ఊపాడు. అక్షర మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఫ్యాను ఆపేశారు. రెక్కలు తిరిగి తిరిగి నిలిచాయి. బయట ఎక్కడో కోడి కూసి ఊరుకుంది. ఎవరూ కదలలేదు. ఎదురుగా కడిగిన గచ్చు, తెరిచిన తలుపు, పొయ్యి. మొగిలయ్య ఆ గుమ్మం వైపే చూస్తున్నాడు. చేతులు లాగుతున్నాయి. చూస్తూ చూస్తూ తాను ఎక్కడున్నాడో మరిచిపోయాడు.

గుమ్మంలోకి ఆడమనిషి వస్తుందనగా లైటు ఎత్తడం అతని చేతులకు ఎన్నో ఏళ్ళ అలవాటు. చేతులు లేచాయి.

వెలుగు అక్షర చెంపను వదిలేసింది. ఆమె భుజం మీదుగా వెనక్కి పోయి, ఖాళీ గుమ్మంలో పొట్టి మనిషి ముఖం ఉండే ఎత్తున ఆగింది. ఒక్క క్షణం అక్కడే నిలిచి, కాస్త కిందికి దిగింది, ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా దించినట్టు. తర్వాత నెమ్మదిగా, మోకాళ్ళ నొప్పుల మనిషి నడకంత నెమ్మదిగా, గుమ్మం నుంచి పొయ్యి దాకా వెళ్ళింది. అక్కడ ఇంకా కిందికి దిగి, కూర్చున్నంత ఎత్తున నిలబడిపోయింది.

అక్షర చీకట్లో ఉండిపోయింది. నటనలో లేని పని ఒకటి చేసింది. వెనక్కి తిరిగి చూసింది. ఆమె గొంతులోంచి వచ్చిన చిన్న శబ్దం కెమెరాలో పడింది.

"కట్" అనడానికి సాయితేజకు చాలాసేపు పట్టింది.

"అబ్బ కాకా! ఏం జేసినవ్! నా రోమాలు చూడు, ఎట్ల లేసినయో. ఇంకొక్కసారి, గదే తీరుగ. పక్కనుంచి తీసుకుంట."

అక్షర మాత్రం మొగిలయ్య ముఖం వైపు చూస్తోంది. "ఎవల కండ్లల్ల పడుతదని దించినవ్ కాకా?" అని మెల్లగా అడిగింది.

మొగిలయ్య పొయ్యి వైపే చూస్తున్నాడు. ముఖంలో భయం గానీ దుఃఖం గానీ లేవు. ఆలస్యమైన మనిషి ఇల్లు చేరితే, ఎదురుచూసినవాళ్ళ ముఖం ఎట్లా వదులవుతుందో అట్లా ఉంది. వేడెక్కిన లైటుకు చేయి కాలుతున్న సంగతి అప్పుడు తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పైన మేకుకు వేలాడుతున్న మసిగుడ్డ అందుకున్నాడు. పొద్దున ఇల్లంతా కడిగినా దాన్ని మాత్రం ఉతకలేదు. దానితో లైటు పట్టుకుని, ఆర్పి, కింద పెట్టాడు. గుడ్డను జాగ్రత్తగా మడిచి వంగి పొయ్యి పక్కన ఉంచాడు.

రాత్రి ఇక్కడ పడుకోవడానికి తెచ్చుకున్న దుప్పటిని సంచిలోంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. పొద్దు ఇంకా చాలానే ఉంది. వాళ్ళిద్దరి మధ్యనుంచి నడిచి, గుమ్మం దాటి, వాకిట్లోకి దిగాడు. సాయితేజ పిలవబోతే అక్షర అతని మోచేయి పట్టుకుని ఆపింది. హనుమకొండ ఆటోలు ఆగే రోడ్డు వైపు మొగిలయ్య వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

పొయ్యి పక్కన మసిగుడ్డ నాలుగు మడతలుగా ఉంది. పై మడత మీద ఎప్పటివో పసుపు వేళ్ళ గుర్తులు, వాటి కింద గుడ్డ ఇంకా వెచ్చగా ఉంది.