చప్పబడిన నాలుక

చిత్తూరు బెల్లం మండీలో ఏకాంబరం నాలుకకు ఎదురులేదు. ముద్ద మూల గిల్లి నోట్లో వేసుకుంటే చాలు, ఏ ఊరి చెరకో చెప్పేవాడు. భార్య జ్ఞానాంబ పోయాక ఆ నాలుక చప్పబడిపోయింది. బెల్లమూ మట్టిగడ్డా ఒకటే. ఈ సంగతి పొక్కితే వ్యాపారం మూసుకోవలసిందే. అందుకే ఎవరికీ చెప్పకుండా తిరుపతి పెద్దాసుపత్రికి పోయాడు. నాలుకలో జబ్బేమీ లేదని అక్కడివాళ్లు సైకాలజిస్టు పంకజాక్షి దగ్గరికి పంపారు.

ఆమె మందు రాయలేదు. నిద్ర, తిండి, జ్ఞానాంబ పోయిన తీరు, అన్నీ అడిగింది. మళ్లీ పోయినా అడగడమే. ఆమె గది బయట బెంచీ మీద తన పక్కనే కూర్చునే మునస్వామికి బస్సంటే భయం. అతణ్ణి మాత్రం ఆమె వెంటబెట్టుకుని, మొదట ఆగి ఉన్న బస్సులో కూర్చోబెట్టి, తర్వాత అలిపిరి దాకా తిప్పింది. మంచి సరుకు లోపల దాచి తనకు తాలు అంటగడుతోందని ఏకాంబరానికి కడుపు మండింది.

"నాకూ బస్సు వైద్యమే చెయ్యమ్మా. ఆయప్పకు బాగైంది కదా."

"మీరు ఈడికి ఎట్లొచ్చినారు?"

"బస్సులో."

"భయమేసిందా?"

"బయమెందుకు?"

"మరి మిమ్మల్ని తిప్పితే ఏం లాభం? అడిగినోళ్లందరికీ ఒకే బెల్లం ఇస్తారా?"

"అదెట్లమ్మా? ప్రసాదానికా, పశువుల దాణాకా అని అడిగే కదా ఇచ్చేది."

"నేనూ ఇన్నాళ్లు అడిగింది అందుకే. అన్నం ఎవరితో తింటారు?"

"ఎవరుండారు? వండుకుంటా, తింటా."

"రోజూ ఒకరిని తోడు పిలవండి. అది పని చెయ్యకపోతే ఇంకోటి చూద్దాం."

ఆదివారం నాడు, మండీలో తూకం వేసే చెంగయ్యను అన్నానికి పిలిచాడు. జ్ఞానాంబ పీట వెయ్యబోయి, మళ్లీ గోడకు ఆనించి, చాప పరిచాడు.

మొదటి ముద్దకే చెంగయ్య ఆగిపోయాడు.

"ఏమప్పా?"

"కోప్పడొద్దన్నా. పులుసులో ఉప్పు లేదు."

ఏకాంబరం జాడీ మూత తీశాడు. ఉప్పు రాయిలా గడ్డకట్టి ఉంది, చెంచా దిగలేదు. ఎన్నాళ్లుగా చెయ్యి పెట్టలేదో అతనికే తెలియలేదు. ఉప్పు లేదని చెప్పే మనిషి ఇంట్లో లేదు. రోకలితో పగలగొట్టి ఇద్దరి కంచాల్లో వేశాడు.

"ఇప్పుడెట్లుండాది?"

"ఇప్పుడు తినొచ్చులే."

తన నాలుకకు ఉప్పు తగిలిందో, తగిలినట్టు అనుకున్నాడో ఏకాంబరానికి తేలలేదు.

"రేపు గూడా రాప్పా."

"రేపు ఆడోళ్లు సంగటి చేస్తారన్నా. ఇంటికాడ తినకుంటే ఊరుకోరు."

అతను పోయాక ఏకాంబరం రెండు కంచాలూ తోమి బోర్లించాడు. రేపు ఎవరిని పిలవాలా అని వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మండీలో అందరూ తెలిసినవాళ్లే. ఒక చేతి వేళ్లయినా పూర్తిగా మడవలేకపోయాడు.