తొడుగు చెప్పిన జవాబు

గోధుమలు ఉడికించి, గుడ్డ మీద ఆరబోసి, అక్రోట్లు దంచి, పంచదార పొడి కలిపేదాకా రుమ్యానకు నడుం వాల్చే తీరిక లేదు. ఇవాళ, చనిపోయినవాళ్ళను తలుచుకునే శనివారం. వాళ్ళ ఊరు ప్లోవ్‌దివ్‌లో అందరూ ఈ గోధుమలు తీసుకెళ్ళి సమాధుల దగ్గర పంచుతారు. ఈ ఇంట్లో ఏటేటా వండేది రుమ్యాన, తీసుకెళ్ళేది మొగుడు ప్లామెన్, అత్తగారూ. "మా కోడలి చేతి గోధుమలు" అని అత్త స్టాంక అక్కడ గొప్పలు పోతుందట.

కలుపుతుంటే నిన్నటి ఆఫీసు గుర్తొచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర ఖాళీ ఉందా అని ఎవరడిగినా రుమ్యాన వాళ్ళ ఆఫీసులో రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం లేదనే చెబుతోంది. డాక్టరేమో ఈగలు తోలుకుంటున్నాడు. ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాషలో, అసలు పని చేసి జవాబిచ్చే ఫంక్షన్ మీద తొడుగులా వేసేది డెకరేటర్. పని త్వరగా అవుతుందని ఎవరో మొదటి జవాబును ఆ తొడుగులోనే దాచిపెట్టారు. ఇక ఎవరు పిలిచినా తొడుగే బదులిచ్చింది. లోపలి ఫంక్షన్ దాకా పిలుపు వెళ్ళనే లేదు.

"పాపం, దాన్నెవరూ అడగందే దాని పేరు మీద జవాబులు!" అని పక్క సీటు బోయన్ పకపకా నవ్వాడు. రుమ్యాన బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చింది.

కాలినా అని పేరు పెట్టుకున్న ఆమె పాప కొన్నేళ్ళ కిందట పురిట్లోనే పోయింది. ఆ ఏడు "శ్మశానానికి వస్తావా?" అని ప్లామెన్ అడిగితే, "రాను, ఆ మట్టిని చూడలేను" అంది. అప్పటికింకా పాలు పడుతూనే ఉన్నాయి. మరుసటేడు కోటు వేసుకుని కూర్చుంది, అడుగుతాడేమోనని. అడగలేదు.

"ఒరే ప్లామెన్, ఈసారైనా అమ్మాయి వస్తుందా?" అంది స్టాంక. గోధుమల గిన్నె పట్టుకుని రుమ్యాన వాళ్ళిద్దరి మధ్యే నిలబడి ఉంది.

"రాదమ్మా. తను తట్టుకోలేదు, బలవంతపెట్టకు."

"నోరు తెరవకముందే పెళ్ళాం మనసు తెలిసిపోతుంది నీకు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు!"

ప్లామెన్ గొంతులో ప్రేమే ఉంది. ఇన్నేళ్ళూ ఆమెను నోరెత్తనివ్వనిది అదే. అతను గిన్నె కోసం చేయి చాచాడు. రుమ్యాన ఇవ్వలేదు.

"ఆ మాట నన్నడుగు, ప్లామెన్."

"నాకు తెలుసు కదా, నువ్వు..."

"నీకు తెలిసింది అప్పటి మాట. ఇప్పుడు అడుగు."

అతను తల్లి వైపు చూసి, తడబడుతూ అడిగాడు. "వస్తావా?"

"వస్తాను," అంది రుమ్యాన. "నా బిడ్డ ఎక్కడుందో నాకు తెలియదు. దారి చూపించు."